జీతాల రిజిస్టరు - మారే నిబంధనలు

కామర్సు చదువుతున్న మన విద్యార్థులలో కొందరైనా రేపు సొంతంగా ఒక చిన్న పరిశ్రమో, దుకాణమో పెడతారు. మరికొందరు ఎవరో ఒకరి దగ్గర లెక్కలు రాస్తారు. ఉభయులకూ తప్పనిది జీతాల రిజిస్టరు. అందులోని కోతలు, చందాలు యజమాని ఇష్టాన్ని బట్టి వేసేవి కావు, చట్టం నిర్ణయించినవి. పైగా ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం సరిపోయేవీ కావు.

ముందుగా ప్రావిడెంట్ ఫండు సంగతి చూద్దాం. 1952 నాటి చట్టంతో వచ్చిన ఈ పథకం ఇరవై మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. తప్పనిసరి సభ్యత్వానికి జీత పరిమితి 1994లో రూ. 5,000, 2001లో రూ. 6,500, 2014 సెప్టెంబరులో రూ. 15,000 అయింది. అంటే ఆగస్టులో పదివేల జీతంతో పథకం బయట ఉన్న గుమాస్తాను సెప్టెంబరులో చేర్చుకొని తీరాలి. ఇది గమనించని యజమాని నెత్తిన బకాయి, వడ్డీ, నష్టపరిహారం మూడూ పడతాయి.

పొరపాటు వల్ల నష్టపోయేది యజమాని ఒక్కడేనా? కాదు. 2019 జూలైలో ఇ.ఎస్.ఐ. చందాలో కార్మికుని వాటా 1.75 శాతం నుంచి 0.75 శాతానికి తగ్గింది. రూ. 20,000 జీతం మీద కోత 350 నుంచి 150కి దిగాలి. పాత లెక్కే వేస్తే నెలకు రెండు వందలు కార్మికుని జేబులోంచి అన్యాయంగా పోయినట్టే.

గ్రాట్యుటీ లెక్క కూడా తెలిసి ఉండాలి. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తోను, సర్వీసు సంవత్సరాలతోను హెచ్చవేయాలి. రూ. 10,400 జీతంతో పదేళ్లు చేసినవారికి వచ్చేది రూ. 60,000.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనం కింద లెక్కించాలి. నిర్ణీత కాలానికి నియమించిన ఉద్యోగికి ఐదేళ్లు కాదు, ఒక ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది.

మరి దారేమిటి? గెజెట్ ప్రకటనలు వచ్చినప్పుడల్లా చూడాలి. మారిన రేటును, అమలు తేదీని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసుకోవాలి. చందా మరుసటి నెల 15వ తేదీలోగా కట్టి చలానా భద్రపరచాలి. కార్మికుని జీతంలో కోసిన సొమ్ము యజమానిది కాదు. దాన్ని కట్టకుండా వాడుకోవడం నమ్మకద్రోహ నేరం. ఉద్యోగంలో చేరబోయే మిత్రులు కూడా కోత చీటీ అడిగి తీసుకోవడం మొదటి నెల నుంచే అలవాటు చేసుకోవాలి.