మూత లోపలి పని మనది కాదు

చి. కిరణ్‌కు,



నీ మెసేజ్ చూశాను. లెస్టర్‌లో చలి ముదిరే వేళకి బాయిలర్ మొరాయించిందనీ, తెర మీద ‘ఎఫ్ 28’ అని వస్తోందనీ, నీ రూమ్మేట్ ఎవరో యూట్యూబ్ చూసి ముందు మూత విప్పేస్తానంటున్నాడనీ రాశావు. జవాబు ముందు చెప్పేస్తాను, కారణాలు నింపాదిగా చదువుకో. మూత విప్పొద్దు. ఆ అబ్బాయి చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే తీసుకుని దాచెయ్.

అలాగని చేతులు ముడుచుకుని వణుకుతూ కూర్చోమనడం లేదు. బ్రిటన్ వచ్చిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా నేను బాయిలర్లు బాగుచేసే పనే చేశాను. ఫోన్ వచ్చి వెళ్తే చాలా ఇళ్ళల్లో అసలు పాడైంది బాయిలర్ కాదు. మీది వైలంట్ బాయిలర్. అందులో ఎఫ్ 28 అంటే వెలిగించబోయింది, మంట కనపడలేదు, ఆగిపోయింది అని. మంట ఎందుకు రాలేదో అది చెప్పదు. మీది డబ్బు వేసుకుని వాడే ప్రీపెయిడ్ మీటరు కదా, ముందు అందులో బ్యాలెన్సు చూడు. నలుగురున్న ఇంట్లో టాప్‌అప్ ఎవరో ఒకరు చేస్తారులే అనుకుని ఎవరూ చెయ్యకపోవడం కొత్తేమీ కాదు. తర్వాత వంటింట్లో పొయ్యి వెలిగించు. అదీ వెలగకపోతే ఇంటికి గ్యాసే రావడం లేదన్నమాట.

పొయ్యి బాగానే వెలిగిందా? అయితే బయటికెళ్ళి గోడలోంచి వచ్చే సన్నటి ప్లాస్టిక్ పైపు చూడు. ఇప్పటి బాయిలర్లు పొగలోని ఆవిరిని చల్లార్చి దాని వేడిని కూడా వాడుకుంటాయి. ఆ చల్లారిన నీళ్ళు పోయే పైపు అది. రాత్రి మంచు గట్టిగా పడితే అందులో నీళ్ళు గడ్డకడతాయి, దారి మూసుకుపోయి బాయిలర్ ఆగిపోతుంది. లోపల గుడగుడమని చప్పుడు వస్తుంటే అనుమానం దాని మీదే పెట్టుకోవచ్చు. 2010 డిసెంబరు చలికి ఈ దేశంలో ఎన్నో బాయిలర్లు ఇందువల్లే ఆగాయి. నేలకి అందే ఎత్తులో పైపు ఉంటే గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. మరిగే నీళ్ళు పోస్తే పైపు పగులుతుంది, కిందపడిన నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి మెట్ల మీద ఎవరో జారిపడతారు. నిచ్చెన వేసుకుని ఎక్కేంత ఎత్తులో ఉంటే మాత్రం వదిలెయ్. ఇవన్నీ చూశాక రీసెట్ ఒకసారి నొక్కు, మహా అయితే రెండుసార్లు. అప్పటికీ వెలక్కపోతే నొక్కడం ఆపి ఓనరుకి ఫోన్ చెయ్యి. బాయిలర్ తనంతట తాను ఆగిందంటే ఏదో చూసి ఆగింది. దాన్ని బలవంతాన లేపకూడదు.

ఎఫ్ 22 అని వస్తే సంగతి వేరు, అది నీళ్ళ ఒత్తిడి తగ్గిందని. చల్లగా ఉన్నప్పుడు గేజి ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే కింద ఉండే నీళ్ళ వాల్వు కాస్త తిప్పి నింపొచ్చు. ఓనరుని ఒకమాట అడిగి, ఏ వాల్వో చూపించుకుని చెయ్యి. వారం వారం నింపాల్సి వస్తుంటే ఎక్కడో కారుతున్నట్టే, దాన్ని దాచిపెట్టుకోవద్దు. రేడియేటరు పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పితే బుస్సుమని గాలి పోయి నీటిచుక్క కనపడుతుంది. వెంటనే బిగించు. తర్వాత గేజి మళ్ళీ చూసుకో. నువ్వు చెయ్యగలిగిన పని ఇంతవరకే.

మూత దగ్గరికి వద్దాం. మీ రూమ్మేట్ దాన్ని ఫ్రిజ్ తలుపు లాంటిది అనుకుంటున్నాడు. బాయిలర్ నుంచి బయటి గోడలోకి పోయే గొట్టం చూశావా? అది గొట్టంలో గొట్టం. లోపలి గొట్టంలోంచి పొగ బయటికి పోతుంది, దాని చుట్టూ ఉన్న ఖాళీలోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. అంటే మంటకి కావలసిన గాలి మీ గదిలోంచి తీసుకోదు, పొగ మీ గదిలోకి వదలదు. మొత్తం ఏర్పాటు బయటి ప్రపంచంతోనే. చాలా మోడళ్ళలో ఆ ఏర్పాటుని గది నుంచి వేరుచేసేది ఆ మూతా, దాని అంచున ఉండే సీలూ. సీలు ఒకచోట నలిగినా, మూత ఒక మూల సరిగ్గా కూర్చోకపోయినా బాయిలర్ హాయిగా వెలుగుతుంది, నీళ్ళు కాగుతాయి, అందరూ నీ రూమ్మేట్ భుజం తడతారు. పొగ మాత్రం మీ వంటింట్లోకి వస్తుంటుంది. అందుకే ఆ మూత విప్పడాన్ని ఇక్కడ గ్యాస్ పని కిందే లెక్కగడతారు.

పొగ అంటే కళ్ళు మండేది కాదు, కనపడేదీ కాదు. గ్యాసుకి సరిపడా గాలి అందితే కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ వస్తాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. మన ఊళ్ళల్లో చలికాలం తలుపులన్నీ వేసుకుని గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం విన్నావు కదా, దానికి కారణం ఇదే. కిటికీ లేని బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ పెట్టుకుని స్నానానికి వెళ్ళి పడిపోయినవాళ్ళదీ ఇదే కథ. దేశం మారినా మంటకి గాలి కావాలన్న సంగతి మారదు.

2006 అక్టోబరులో గ్రీసు దేశపు కోర్ఫూ దీవిలో సెలవులకి వెళ్ళిన ఇద్దరు బ్రిటిష్ చిన్నపిల్లలు హోటల్ గదిలో ఇలాగే పోయారు. గది పక్కన చిన్న కొట్టంలో బాయిలర్ ఉంది. ప్రమాదం వస్తే దాన్ని ఆపాల్సిన రక్షణ పరికరం పనిచెయ్యకుండా ఎవరో వైరు కలిపేశారు. 2015లో వేక్‌ఫీల్డ్‌లో జరిగిన విచారణలో జ్యూరీ ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలని తేల్చింది. ‘ఊరికే ఆగిపోతోంది, దీన్ని తప్పించేద్దాం’ అన్న బుద్ధి ఎక్కడిదాకా పోతుందో చూడు. తెలివైనవాళ్ళకే వస్తుంది ఆ బుద్ధి, అదీ బాధ.

ఈ విషం ఒంట్లోకి పోతుంటే ఏమవుతుందో గుర్తుపెట్టుకో. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, నీరసం, అయోమయం. అచ్చం ఫ్లూ అనుకుంటారు. కానీ జ్వరం ఉండదు. కాలేజీకి వెళ్తే తగ్గుతుంది, ఇంటికొస్తే మళ్ళీ మొదలవుతుంది. ఇంట్లో ఒకరికి కాదు, అందరికీ ఉంటుంది. అలా అనిపిస్తే పారాసెటమాల్ వేసుకుని దుప్పటి కప్పుకోవద్దు. బాయిలర్ ఆపి, కిటికీలు తీసి, అందరినీ లేపి బయటికి రండి. డాక్టరు దగ్గర మాత్రం ‘మా ఇంట్లో గ్యాస్ బాయిలర్ ఉంది, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం’ అని నోరు విడిచి చెప్పు. నువ్వు చెప్పకపోతే వాళ్ళకి తట్టకపోవచ్చు, ఆలస్యమయ్యేకొద్దీ రక్తంలో దాని జాడ తగ్గిపోతుంది.

పాత ఇళ్ళల్లో గది గాలి వాడుకునే హీటర్లు, బాయిలర్లు ఇంకా కొన్ని ఉన్నాయి. గోడలో చిల్లుల పలక ఉంటే చలిగాలి వస్తోందని మన పిల్లలు దానికి టేపు వేస్తారు, ప్లాస్టిక్ సంచీ కుక్కుతారు. మీ ఇంట్లో ఎవరైనా అలా చేసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వెళ్ళి పీకెయ్. పొయ్యి మంట నీలంగా కాక పసుపుగా సోమరిగా ఊగుతున్నా, బాయిలర్ చుట్టూ గోడ మీద మసి కనపడినా వాడటం ఆపి మనిషిని పిలిపించు.

పిలిచేది ఎవరిని అన్నదే మనవాళ్ళ దగ్గర తేలని పేచీ. వాట్సాప్ గ్రూపులో ‘మనవాడే అన్నా, సగం డబ్బుకే చేస్తాడు’ అని ఒక నంబరు తిరుగుతూ ఉంటుంది. మంచివాడే కావచ్చు. కానీ ఒక పాత సంగతి విను. 1968 మే 16న తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో ఒకావిడ తెల్లవారుజామున టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. గ్యాస్ పేలింది. భవనం ఒక మూల పై నుంచి కింది దాకా పేకముక్కల్లా రాలింది. నలుగురు పోయారు. ఆవిడ బతికింది. ఆ పొయ్యి బిగించింది తెలిసినవాడే. విచారణలో బయటపడింది ఏమిటంటే, పొయ్యి గొట్టాన్ని కలిపిన ఇత్తడి నట్టు నాసిరకంది, అది పగిలి రాత్రంతా గ్యాస్ చేరింది. గోడలు అంత తేలిగ్గా కూలడం భవనం కట్టినవాళ్ళ పాపం, అది వేరే లెక్క. కానీ చేతివేలంత నట్టు దగ్గర మొదలైంది. ఆ తర్వాతే, 1970లో, గ్యాస్ పనివాళ్ళకి కోర్గీ అనే రిజిస్టరు పుట్టింది. 1991లో అది తప్పనిసరి అయింది. 2009 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది. డబ్బు తీసుకుని గ్యాస్ పని చేసేవాడెవడైనా అందులో ఉండాలి.

వచ్చినవాడిని కార్డు చూపించమను. మొహమాటపడకు, పని తెలిసినవాడికి అది అవమానం కాదు. నన్ను అడిగినవాళ్ళంటే నాకు గౌరవమే ఉండేది. ముందువైపు ఫొటో, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉంటాయి. అందరూ అక్కడితో ఆగిపోతారు. వెనక్కి తిప్పి చూడు. ఏ ఏ పనులు చెయ్యొచ్చో అక్కడ ఉంటుంది. వంట పొయ్యి బిగించే అర్హత ఉన్నవాడికి బాయిలర్ ముట్టుకునే అర్హత ఉన్నట్టు కాదు. నంబరు గ్యాస్ సేఫ్ వాళ్ళ సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు.

పని తెలిసినవాడు ఎలా చేస్తాడో దగ్గర నిలబడి గమనించు, నీకూ కుతూహలం ఎక్కువ కదా. గ్యాస్ ఎక్కడైనా కారుతోందా అని చూసేటప్పుడు మీటరు దగ్గర ‘యు’ ఆకారపు గొట్టంలో నీళ్ళున్న గేజి తగిలిస్తాడు. ఇప్పుడు కొందరు డిజిటల్‌ది వాడుతున్నారు, నాకైతే నీళ్ళదే ఇష్టం. ఒత్తిడి 20 మిల్లీబార్ల దగ్గర పెట్టి వాల్వు మూసి, నిమిషం కుదురుకోనిచ్చి, తర్వాత 2 నిమిషాలు ఆ నీటిగీత మీంచి కళ్ళు తియ్యడు. ఆ 2 నిమిషాలు నువ్వు టీ తాగుతావా అని అడిగినా పలకడు. బాయిలర్ దగ్గరికొచ్చి పొగగొట్టానికున్న చిన్న రంధ్రంలో గొట్టం దూర్చి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో యంత్రంతో కొలుస్తాడు. యూట్యూబ్ చూసి మూత విప్పినవాడి దగ్గర ఈ యంత్రం ఉండదు. మూత సరిగ్గా పడిందో లేదో తెలుసుకునే దారే వాడికి లేదు.

ఓనరుని అడగడానికి మీకున్న భయం అర్థం లేనిది. 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం అద్దెకిచ్చిన ఇంట్లో తన గ్యాస్ పరికరాలని ఏడాదికోసారి రిజిస్టరైన మనిషితో తనిఖీ చేయించడం ఓనరు బాధ్యత. ఆ కాగితం కొత్తగా చేరేవాళ్ళకి ముందే ఇవ్వాలి, ఉన్నవాళ్ళకి తనిఖీ అయిన 28 రోజుల్లోగా ఇవ్వాలి. ఈ రంగంలో పాతవాళ్ళు ఇంకా దాన్ని సీపీ 12 అనే అంటారు. 2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో బాయిలర్ ఉండి, నివాసంగా వాడే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం కూడా ఆయన పనే. పొగ అలారం దీనికి సరిపోదు, రెండూ వేరు. మీ ఇంట్లో ఉంటే బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడు, దాని మీద గడువు సంవత్సరం చదువు. ఇవన్నీ అడిగినంత మాత్రాన వీసాకేదో అవుతుందని మీలో ఎవరో అన్నారట. బాయిలర్‌కీ వీసాకీ ఏ సంబంధమూ లేదు. ఓనరు వినకపోతే కౌన్సిల్‌కి చెప్పొచ్చు.

చివరగా గ్యాస్ వాసన సంగతి. మన ఇళ్ళల్లో సిలిండరు గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. ఇక్కడ పైపులో వచ్చేది గాలి కంటే తేలిక, పైకి లేస్తుంది, పై అంతస్తు గదుల్లోకీ పోతుంది. వాసన తగిలితే లైటు వెయ్యొద్దు, వేసి ఉన్నది ఆర్పొద్దు కూడా. తలుపులు, కిటికీలు తెరువు. అక్కడ రెగ్యులేటరు తిప్పినట్టే ఇక్కడ మీటరు పక్కన పిడి ఉంటుంది, దాన్ని పైపుకి అడ్డంగా తిప్పితే గ్యాస్ ఆగుతుంది. మీటరు నేలమాళిగలో ఉండి వాసన అక్కడే వస్తుంటే లోపలికి వెళ్ళకు. అందరూ బయటికొచ్చి అక్కడ్నుంచి 0800 111 999కి ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఇదే నంబరు. వాళ్ళు వచ్చి ప్రమాదం లేకుండా చేసి వెళ్తారు, బాయిలర్ బాగుచెయ్యరు. దానికి మళ్ళీ ఓనరు మనిషిని పంపాల్సిందే.

ఇవాళ రాత్రే నలుగురి ఫోన్లలో ఆ నంబరు ఎక్కించండి. రేపు పొద్దున్నే ఓనరుకి ఫోన్ చేసి మనిషిని పంపమను, పనిలో పనిగా ఈ ఏడాది తనిఖీ కాగితం ఫొటో అడుగు. సాయంత్రానికి పంపకపోతే నాకు చెప్పు, నేను మాట్లాడతాను.

మీ మామయ్య