కెమిస్ట్రీ చదివి పడవెక్కండి

ఇంటర్ ఫలితాలు రాగానే సలహా కోసం నాకొచ్చే ఫోన్లలో ప్రశ్న ఏటా ఒకటే. "నీట్‌లో సీటు వచ్చేలా లేదండీ. లాంగ్ టర్మ్ ఇక్కడ పెట్టించమంటారా, విజయవాడ పంపమంటారా?" మూడో దారి ఉందేమోనన్న ఆలోచనే ఉండదు. నేను బీఎస్సీ మాటెత్తితే అవతల కాసేపు మాట పెగలదు. ఏ సీటూ రానివాళ్లు చదివేది బీఎస్సీ అని మనవాళ్ల గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని బంగారం లాంటి పిల్లలు రెండేసి, మూడేసి ఏళ్లు హాస్టల్ గదుల్లో మగ్గిపోవడం చూస్తూనే ఉన్నాను. అందుకే ఈసారి బీఎస్సీ కెమిస్ట్రీ నుంచి నేరుగా దారి ఉన్న ఒక పని గురించి రాస్తున్నాను. సముద్రం పోటు తగిలే ఉప్పునీటి సరస్సుల్లో నీళ్లెలా ఉన్నాయో నిత్యం కనిపెట్టి ఉండటమే ఆ పని.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రాకెట్ చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లిన వాళ్లంతా ఆ నీళ్లు దాటే వెళ్లారు. మావాడు ఇస్రోలో పడితే చాలని మొక్కుకున్నారే తప్ప, రోడ్డుకు రెండు పక్కలా ఉన్న నీళ్లలోనూ ఒక ఉద్యోగం ఉందని ఎవరికీ తట్టి ఉండదు. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో ఉంటుంది, దక్షిణపు కొస తమిళనాడుది. లోతు సగటున మీటరే. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. పళవేర్కాడు దగ్గరి మొగలోంచి పోటుకు సముద్రం లోపలికొస్తుంది, ఆటుకు వెనక్కి పోతుంది. ఉత్తరాన రాయదొరువు మొగ ఇసుక మేటలతో పూడుకుపోవడం అక్కడి మత్స్యకారుల పాత గోడు. ఈశాన్య రుతుపవనాల వానలకు చప్పబడే నీళ్లే ఎండాకాలంలో కొన్నిచోట్ల సముద్రాన్ని మించి ఉప్పెక్కుతాయి. రొయ్య పెరగాలన్నా, ఫ్లెమింగోలు వాలాలన్నా ఈ హెచ్చుతగ్గులు ఓ లెక్కలో ఉండాలి.

ఆ లెక్క చూసేవాళ్లు కొలిచేవి నైట్రేట్, నైట్రైట్, అమ్మోనియా, ఫాస్ఫేట్, సిలికేట్, కరిగిన ఆక్సిజన్, ఉప్పదనం, క్లోరోఫిల్. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు, రొయ్యల చెరువులు వదిలే నీళ్లు సరస్సులోకి నత్రజని, భాస్వరం మోసుకొస్తాయి. వాటితో నాచు జాతులు ఒక్కసారిగా పెచ్చరిల్లుతాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రి తిరిగి పీల్చుకుంటుంది కనుక తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లి కొలిస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. పోటు వేళ సముద్రపు నీళ్లు, ఆటు వేళ సరస్సు నీళ్లు ఒకే చోటున దొరుకుతాయి కాబట్టి, సీసా మీద వేళ రాయకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు.

ఆక్సిజన్ కొలత ఎలా తీస్తారో చెబితే పని స్వభావం తెలుస్తుంది. మీటర్లు వచ్చినా, వాటిని సరిచూసుకోవడానికి 1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ దిక్కు. ఒక్క గాలిబుడగ కూడా చొరబడకుండా సీసా నింపాలి. ఊగే పడవలోనే మాంగనస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్ పోసి మూత బిగించాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత ఆమ్లం పోస్తే మడ్డి కరిగి పసుపు అయొడిన్ బయటపడుతుంది. దాన్ని థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తూ చివర్లో పిండి ద్రావణం వేస్తే నీలంగా మారుతుంది. ఆ నీలం ఏ చుక్కకు పోయిందన్నదే లెక్క. నైట్రైట్‌కైతే రెండు రసాయనాలు కలిపితే గులాబీరంగు వస్తుంది. ఎంత చిక్కటి గులాబీయో స్పెక్ట్రోఫోటోమీటర్ 543 నానోమీటర్ల దగ్గర చదివి చెబుతుంది. బట్టల సబ్బుపొడితో సీసాలు కడిగితే ఫాస్ఫేట్ లెక్క తారుమారవుతుంది. పక్కన ఎవరైనా సిగరెట్ కాలిస్తే అమ్మోనియా అంకె చెడుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్ మార్కులు ఎలాగూ వేస్తారని బ్యూరెట్ ముట్టుకోకుండానే బయటపడిన పిల్లలకు ఈ పని కొరుకుడు పడదు. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టించి ఎంసీక్యూలు రుద్దించే కాలేజీల మీద నా కోపానికి ఇదో కారణం.

ఈ అంకెలు ఏం చేస్తాయంటారా? చిలికాను చూడండి. సముద్రపు మొగ మూసుకుపోతూ, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు తగ్గడంతో 1993లో ఆ సరస్సును ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రో జాబితాలో చేర్చారు. నీటి కొలతలు, నమూనా అధ్యయనాల ఆధారంగా 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పదనం మళ్లీ పెరిగింది, చేపలు తిరిగొచ్చాయి, 2002లో చిలికా ఆ జాబితా నుంచి బయటపడింది. ఎక్కడ తవ్వాలో, తవ్వాక ఏం మారిందో చెప్పింది ఏళ్ల తరబడి సీసాలు నింపినవాళ్లే.

అర్హతలు ఒక్క ముక్కలో: ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ, డిగ్రీలో కెమిస్ట్రీ, ఆపైన కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, ఓషనోగ్రఫీ, మెరైన్ బయాలజీ... వీటిలో ఒక ఎమ్మెస్సీ.

ఇక ఉచ్చుల సంగతి. మొదటిది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్. రెండోసారి రాసి సీటు తెచ్చుకునేవాళ్లు లేకపోలేదు. కానీ మూడోసారి, నాలుగోసారి కూర్చోబెట్టే తల్లిదండ్రులతో నాకు ఓపిక నశించింది. పిల్లకు నిద్ర ఎలా పడుతోందో అడగరు, మాక్ టెస్ట్ మార్కులే అడుగుతారు. లక్షలు పోయడం అటుంచండి, ఇరవై ఏళ్ల వయసులో తనకు ఏదీ చేతకాదన్న బెంగ ఆ పిల్ల మనసులో నాటుకుపోతుంది. దాన్ని పీకడం నాలాంటి వాళ్ల వల్ల కూడా అన్నిసార్లూ కాదు.

రెండోది "మెరైన్" అన్న మాటే. ఫోన్‌లో ఆ మాట కొట్టగానే మర్చంట్ నేవీ ఏజెంట్లు తగులుకుంటారు. ఓడ ఉద్యోగం వేరు, ఈ పని వేరు. డీజీ షిప్పింగ్ గుర్తింపు లేని సంస్థకు డబ్బు కట్టి ఏజెంట్ చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు ఇప్పటికే చాలు.

ఇప్పుడు కొత్తగా "క్లైమేట్ డేటా సైన్స్" సర్టిఫికెట్ల మోజు వచ్చింది. పైథాన్, ఆర్, గణాంక శాస్త్రం నేర్చుకోవాల్సిందే, అనుమానం లేదు. 2022 నవంబరులో శ్రీహరికోట నుంచే ఎగిరిన ఈఓఎస్-06 ఉపగ్రహం సముద్రపు రంగును బట్టి క్లోరోఫిల్ అంచనాకు వీలు కల్పిస్తోంది. అయితే మీటరు లోతు నీళ్లలో అడుగు మట్టి, బురద కూడా ఆ రంగులో కలిసిపోతాయి. పడవలో తెచ్చిన సీసాతో పోల్చి చూడనిదే పులికాట్ లాంటి చోట ఉపగ్రహం చెప్పేది నమ్మలేం. సీసా పట్టనివాడికి ఆన్‌లైన్ సర్టిఫికెట్ గోడకు వేలాడదీసుకోవడానికే. ఇల్లు తాకట్టు పెట్టి విదేశాల్లో మెరైన్ సైన్స్ ఎమ్మెస్ చేయిస్తామనే వాళ్లకూ ఇదే మాట. ముందు ఇక్కడ చేయి తిరగనివ్వండి, తర్వాత స్కాలర్‌షిప్‌తోనే వెళ్లొచ్చు.

నిజం దాచను. ఇందులో పర్మినెంట్ కొలువులు తక్కువ. కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్ట్ పోస్టులకు నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు. చెన్నైలోని ఎన్‌సీసీఆర్, ఎన్‌సీఎస్‌సీఎం, విశాఖలోని ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వంటి తీర, సముద్ర పరిశోధన సంస్థల్లో తొలి మెట్టు చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగమే. అది రెండు మూడేళ్లు ఉంటుంది, తర్వాత మరోటి వెతుక్కోవాలి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పీహెచ్‌డీ దారి. రాకపోతే జీతం అంతకంటే తక్కువతో మొదలవుతుంది. పెళ్లి సంబంధాల్లో చెప్పుకోవడానికి గొప్పగా ఉండదంటే నేనేం చేయలేను. గోదావరి జిల్లాల ఆక్వా ల్యాబుల్లో మాత్రం నీటి పరీక్ష తెలిసినవాళ్లకు పనికి కొదవ లేదు. తెల్లారేసరికి రైతులు చెరువు నీళ్ల సీసాలతో వరుస కడతారు.

నన్నడిగితే, ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలోనో, నెల్లూరు విక్రమ సింహపురిలోనో, గోవా యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. చేపల వైపు మనసుంటే ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ ఇంకా మంచిది. కార్పొరేట్ కాలేజీ లాంగ్ టర్మ్ ఫీజుతో ప్రభుత్వ కాలేజీ డిగ్రీ మొత్తం పూర్తయి ఇంకా మిగులుతుంది.

"ఆడపిల్ల పడవల్లో తిరగడమేంటండీ" అని ఒక తండ్రి నన్ను నిలదీశారు. పడవలో గడిచేది పనిలో కొంత భాగం, మిగతాదంతా ల్యాబులోనే. లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఈత నేర్పించండి. అమ్మాయిలు నైట్ షిఫ్టులో సాఫ్ట్‌వేర్ చేస్తే లేని అభ్యంతరం నాలుగు గంటలకు లేచి సరస్సుకు వెళితే ఎందుకొస్తుందో నాకర్థం కాదు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బ్రోచర్ పక్కన పెట్టి ల్యాబు తలుపు తీయించండి. స్పెక్ట్రోఫోటోమీటర్ మీద దుమ్ముందా, గత సెమిస్టర్ రికార్డులు పిల్లల చేతిరాతలో ఉన్నాయా, ఫీల్డ్ ట్రిప్‌కు ఎక్కడికి తీసుకెళ్లారు అని అడగండి. డిగ్రీ రెండో ఏడాదిలోకి వచ్చాక సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. అది వేసవిలో చేసే పనే అయినా, దరఖాస్తులు మాత్రం ముందటి చలికాలంలోనే తీసుకుంటారు.