కుందేళ్ల దొడ్డి కట్టేముందు

తెనాలి

శిరీషా,

నీ ఉత్తరం, దాంతోపాటు పెన్సిలుతో గీసిన దొడ్డి బొమ్మ అందాయి. కుందేళ్లను బోనుకొకటిగా పెట్టడం నీకు ఇష్టం లేదనీ, ఆరింటినీ ఒకేచోట నేలమీద తిరగనివ్వాలనీ రాశావు. మంచి మాట. అవి గుంపులో బతికే జీవాలు. ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి, ఒకదాని తల ఇంకొకటి నాకుతుంది. ఒంటరి బోనులో ఆ సుఖం ఉండదు. కాకపోతే నువ్వు గీసింది కోళ్లకు సరిపోయే దొడ్డి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, చుట్టూ కోళ్ల జాలీ, ఒక మూల చెక్కపెట్టె, దానికి ఒక్కటే ద్వారం. వీటిలో ఉంచదగినది ఒక్కటీ లేదు తల్లీ. కారణాలు చెబుతాను. అవి తెలిస్తే కొలతలు నువ్వే వేసుకోగలవు.

కుందేలుకు కొమ్ముల్లేవు, గోళ్లతో ఎదురు తిరిగే ధైర్యమూ తక్కువే. దాన్ని కాపాడేది పరుగొక్కటే. మేస్తున్నంతసేపూ బొరియ ఎటుందో దాని లెక్కలో ఉంటుంది. మనం కంచె వేసిన నిమిషాన ఆ పరుగును దాని దగ్గర్నుంచి లాక్కుంటాం. అలా లాక్కున్నదాన్ని ఇంకో రూపంలో తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత కట్టేవాళ్లది. దొడ్డిలో ఏ మూల చూసినా “ఇక్కడ బెదిరితే ఎటు పోతుంది?” అని అడుగు. బయటి కుక్కకు బెదిరినా, లోపలి పెద్ద కుందేలుకు బెదిరినా అదే ప్రశ్న.

ముందు బయటివాళ్ల సంగతి. పగలు గద్ద, కాకి, కోతి, ముంగిస. రాత్రి కుక్క, పిల్లి, మానుపిల్లి, పందికొక్కు, పాము. కుక్క తవ్వుతుంది, పళ్లతో జాలీని లాగుతుంది. పిల్లి, మానుపిల్లి ఎక్కి పైనుంచి దిగుతాయి. పందికొక్కు కిందనుంచి సొరంగం తీస్తుంది. జెర్రిపోతు సందు దొరికితే చాలు, దూరిపోతుంది. అంటే గోడ ఒక్కటే కాదు, పైకప్పూ నేలా కూడా కంచెలో భాగమే. కప్పు లేని దొడ్డి ఎంత ఎత్తు కట్టినా పిల్లికి లెక్కలేదు.

కోళ్ల జాలీని మర్చిపో. ఆ ఆరుపలకల అల్లిక కోడి బయటికి పోకుండా ఆపడానికే. కుక్క పట్టుదలగా లాగితే చిరుగుతుంది, కుందేలే తీగ కొరికి కన్నం పెద్దది చేస్తుంది. నైలాను వల ఇంకా అన్యాయం. అది కుందేలు పళ్లకు ఆగదు, పైగా పాములు అందులో చిక్కుకుని చస్తాయి. వెల్డ్ మెష్ కొను. కింద మూడడుగులకు అర అంగుళం కన్నాలది, పై భాగానికీ కప్పుకూ అంగుళం కన్నాలది. కొట్లో గేజీ అడిగి తీసుకో. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకో. 16 గేజీ తీగ దాదాపు 1.6 మిల్లీమీటర్లుంటుంది, కుక్క లాగినా నిలుస్తుంది. అర అంగుళం దానికి 18 గేజీ దొరికితే చాలు. చట్రానికి లోపలివైపు మెష్ బిగించు. అప్పుడు చట్రం కర్రదైనా కుందేళ్లు దాన్ని కొరకలేవు.

నేల దగ్గర పని ఇలా చేయాలి. మూడడుగుల వెడల్పున్న మెష్ ముక్కను పొడవునా ఎల్ ఆకారంలో మడిచి, ఒక అడుగు మేర గోడకు ఆనించి బైండింగ్ వైరుతో జానెడుకో ముడి వెయ్యి. మిగిలిన రెండడుగులను బయటివైపు నేలమీద పరిచి, మేకులు దిగ్గొట్టి, పైన మూడు నాలుగు అంగుళాల మట్టి కప్పు. తవ్వే జంతువు కంచె మొదట్లోనే గోళ్లు పెడుతుంది. మెష్ తగలగానే పక్కకు జరిగి మళ్లీ అక్కడే గీకుతుంది తప్ప, రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి తట్టదు. ఒక్క వాన పడితే గరిక ఆ కన్నాల్లోంచి మొలిచి మెష్‌ను నేలకు కుట్టేస్తుంది. ముళ్లు వేశాక తీగ కొసలన్నీ పటకారుతో లోపలికి వంచడం మర్చిపోకు. వదిలేసిన ఒక్క కొస చాలు, కుందేలు కన్ను పోవడానికి.

లోపల్నుంచి తవ్వేది కుందేలే, అందులోనూ ఆడ కుందేలు. లోపలివైపు కూడా అడుగున్నర వెడల్పు మెష్ అలాగే పరిచి మట్టి కప్పు. నేలంతా అడుగు లోతున మెష్ పరిచేస్తే ఇంకా మంచిది. పైన ఉన్న మట్టిలో అవి సరదా తీరా తవ్వుకుంటాయి. అయితే పని మొత్తం పూర్తయ్యేదాకా ఒక్క కుందేలునూ లోపల వదలకు. పడమటి ఆస్ట్రేలియాలో కుందేళ్లను ఆపడానికి 1901లో మొదలుపెట్టి 1907 నాటికి 3,200 కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. మెష్ అడుగు భాగాన్ని నేలలో కూడా పాతారు. కానీ పని ముగిసేసరికే కుందేళ్లు ఆ గీత దాటిపోయాయి. కంచె ముందు, కుందేలు తర్వాత.

ఇంకొక సంగతి పుస్తకాల్లో అంతగా నొక్కి చెప్పరు. కుక్క లోపలికి రానక్కర్లేదు, జాలీకి ముక్కు ఆనించి మొరిగితే చాలు. కుందేలు గుడ్డిగా ఎగిరి కంచెకు గుద్దుకుంటుంది. దాని వెనక్కాళ్ల బలం ఎక్కువ, వెన్నెముక నాజూకు. ఆ విదిలింపుకే నడుము విరగవచ్చు. అందుకని గోడ కింది రెండడుగులకు బయటినుంచి రేకో, తడికో అడ్డం కట్టు. వీధి వైపు తప్పనిసరి. కుక్కలు ఎక్కువుంటే మూడడుగుల దూరంలో ముళ్లకంప వెయ్యి. చెవులు పట్టి ఎత్తకూడదనేదీ ఈ వెన్ను కోసమే. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక్కాళ్ల కింద పెట్టి ఒంటికి ఆనించుకో.

తలుపుల విషయానికొస్తే, ఒక తలుపు చాలదు. మూడడుగుల చదరపు చిన్న వసారా కట్టి రెండు తలుపులు పెట్టు. బయటిది మూశాకే లోపలిది తెరవాలి. కోతుల బెడద ఉన్న ఊరు మీది, ఉత్త గడియ సరిపోదు, తాళం వెయ్యి. తలుపు కింద సందులో నీ రెండు వేళ్లు పడుతున్నాయంటే పాము పడుతుంది. గడప మీద చెక్క కొట్టు.

ఇక చోటు. బ్రిటన్‌లో రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలంటుంది. అంటే నువ్వు ఆరింటికి గీసిన చోటు అక్కడివాళ్ల లెక్కలో రెండింటికి కూడా కాస్త ఇరుకే. మీ పెరట్లో వేపచెట్టు కింద ఇరవై అడుగులు, పన్నెండడుగులు దొరుకుతుంది. పొడవు తూర్పు పడమరలుగా పెట్టు, అప్పుడు ఎండ తగిలే పక్క చిన్నదవుతుంది. ఎత్తు నువ్వు వంగకుండా నడిచేంత. వంగి ఊడ్వాల్సిన దొడ్డిని ఎవరూ రోజూ ఊడ్వరు. ఒక చివర ఎనిమిదడుగులు, ఆరడుగుల రాత్రి గది కట్టు. దీనికి మాత్రం కప్పుతో సహా అన్ని పక్కలా అర అంగుళం మెష్షే ఉండాలి. పొద్దుగూకగానే అన్నీ లోపలికి. రాత్రి గదికి, తిరిగే చోటుకీ మధ్య రెండు దారులుండాలి, ఆ చివరొకటి ఈ చివరొకటి. ఒక్కటే ఉంటే పెత్తనం చేసే కుందేలు దానికి అడ్డంగా కూర్చుంటుంది. మిగతావి ఎండలోనో వానలోనో ఆగిపోతాయి.

గుంపులో పెత్తనం తప్పదు. వేల్స్ ప్రకృతిశాస్త్రవేత్త ఆర్. ఎం. లాక్‌లీ ఓరియల్టన్‌లో కంచెలు వేసి అడవి కుందేళ్ల కాపురాలను గమనించి, 1964లో ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ది రాబిట్’ పుస్తకం వేశాడు. వాటిలో పెద్దరికాలుంటాయి. మంచి బొరియ బలమైనదానికి, అంచున ఉన్నది బలహీనమైనదానికి. అడవిలో ఓడినది దూరం పోయి బతుకుతుంది. దొడ్డిలో పోవడానికి దూరం ఉండదు కనుక చాటు ఇవ్వాలి. ఒక్కో కుందేలుకు ఒక్కటికి తగ్గకుండా చాటులుండాలి. సిమెంటు తూములు, బోర్లించి రెండు వైపులా కోసిన చెక్కపెట్టెలు, ఇటుకలమీద ఆనించిన నాపరాయి, ఏవైనా సరే, ప్రతిదానికీ రెండు దారులుండాలి. ఒక్క దారి పెట్టెలో దూరిన బలహీనమైన కుందేలు అక్కడే చిక్కి దెబ్బలు తింటుంది. చూపు ఆనకుండా మధ్యలో అక్కడక్కడా తడికలు నిలబెట్టు. కనబడకపోతే చాలా తగవులు మొదలే కావు. గడ్డి, నీళ్లు మూడు చోట్ల, ఒకదానికొకటి దూరంగా పెట్టు.

ఇప్పుడు అసలు చిక్కు. నీ ఆరింటిలో రెండు మగవనీ, రెండు నెలల వయసనీ రాశావు. ఇప్పుడు కలిసి పడుకుంటున్నాయని మురిసిపోకు. పది పన్నెండు వారాలకల్లా మగవాటిని వేరు చెయ్యాలి. ఈడొచ్చిన రెండు మగవి ఒకే దొడ్డిలో ఉంటే ఒకదాని వృషణాలు ఇంకొకటి కొరికేసేదాకా పోతుంది. ఆడదానితో కలిస్తే ముప్పై, ముప్పై రెండు రోజుల్లో పిల్లలు. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు కూడా. ఏడాది తిరక్కుండా నీ పెరడు చాలదు. గుంపు నిలవాలంటే మగవాటికి విత్తు తీయించు. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అడిగి చూడు. కుందేళ్లకు మత్తివ్వడం తెలిసిన డాక్టరే చెయ్యాలి. కోత అయిన వెంటనే కలపకు, నాలుగు నుంచి ఆరు వారాలదాకా సంతానం కలిగించే శక్తి మిగిలే ఉంటుంది. ఈతలు కావాలనుకుంటే ఆ జంటకు వేరే అర కట్టు, గుంపులో ఈననివ్వకు. తల్లి కాని ఆడవి పిల్లలను తొక్కేస్తాయి, కొన్ని చంపుతాయి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. వదిలేసిందని కంగారుపడి పిల్లలను తీసి సీసాపాలు పట్టకు. ఈనే పెట్టె కాళ్లను నీళ్ల పళ్లేల్లో పెట్టు, లేకపోతే చీమలు పట్టేస్తాయి.

కొత్తదాన్ని కలిపేటప్పుడు పాతవాటి చోట్లో దించకు. కొన్నాళ్లు జాలీకి అటూ ఇటూ ఉంచి, ఆ తర్వాత ఎవరిదీ కాని చోట కలుపు. వెంటపడటం, మీదెక్కడం, బొచ్చు పీకడం పెద్దరికం తేల్చుకోవడమే, చూస్తూ ఊరుకో. రెండూ చుట్టలా చుట్టుకుని పొట్టలు కొరుక్కుంటూ దొర్లితే మాత్రం మధ్యలో చీపురో తువ్వాలో వెయ్యి, చెయ్యి పెట్టకు. పొలంలో దొరికిన చెవులపిల్లి కూనను ఎవరైనా తెచ్చిస్తే తీసుకోకు. అది వేరే జాతి, నీ కుందేళ్లతో కలవదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం.

మన ప్రాంతంలో కుక్క కంటే ఎక్కువ కుందేళ్లను చంపేది మే నెల. వాటికి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి పోయేది ఎక్కువగా చెవుల్లోంచే. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలు, 35 దాటితే ప్రాణాపాయం. మనకు 42 మామూలు. రాత్రి గదికి తాటాకు కప్పే వెయ్యి, రేకు వేస్తే పొయ్యి అవుతుంది. రేకు తప్పకపోతే మీద గడ్డి పరువు. పడమటి పక్క గోనెపట్టాలు వేలాడదీసి మధ్యాహ్నం తడుపు, గాలి ఆడే సందు మాత్రం ముయ్యకు. నీళ్లు కుండ చిప్పల్లో, నీడన పెట్టు. నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ పడుకుని ఉంటే చన్నీళ్లలో ముంచకు. తడిగుడ్డతో చెవులు తుడిచి, చల్లని గదిలోకి తెచ్చి డాక్టరుకు ఫోన్ చెయ్యి.

వానలకు చేయాల్సింది ఒక్కటే, తడి నిలవనివ్వకు. రాత్రి గది నేల అడుగు ఎత్తు లేపు, దొడ్డికి ఒక వైపు వాలు పెట్టు. తడిసిన పెంటలోనే కాక్సిడియా అనే పరాన్నజీవి పెరుగుతుంది, కూనలను ముందు తీసుకుపోయేది అదే. దొడ్డిలోనూ, కంచెకు అందే దూరంలోనూ గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, లాంటానా మొక్కలుంటే పీకేయించు. మీ గేటు పక్క గన్నేరు ఉందని నాకు గుర్తు. దాని ఆకు ఒక్కటి గాలికి కొట్టుకొచ్చినా ప్రమాదమే.

కట్టాక రోజూ చేయాల్సినవి రెండున్నాయి. పొద్దున్నే కంచె చుట్టూ ఒకసారి నడువు. మట్టి తవ్విన ఆనవాలు, వదులైన ముడి, చట్రం మీద కొత్త గీతలు చూడు. సాయంత్రం రాత్రి గదిలోకి తోలేటప్పుడు తలలు లెక్కపెట్టు, ఎవరు మేతకు రాలేదో గమనించు. కుందేలు జబ్బును దాచుకుంటుంది. మేత మానేసిన పూట గడిచిందంటే పొట్ట ఆగిపోతుంది. ఆ ఒక్క గుర్తు పట్టుకున్నావంటే చాలా ప్రాణాలు నిలబెడతావు.

సంక్రాంతి ఇప్పుడే వెళ్లింది, ఎండలు ముదిరేలోపు రెండు నెలలుంది. మెష్, చట్రానికి ఎల్ యాంగిల్ ధరలు గుంటూరులో కనుక్కుని రాయి. కొత్త బొమ్మ గీసి పంపు. ఈసారి ప్రతి చాటు దగ్గరా రెండు బాణాలు గియ్యి, ఇటు దూరితే ఎటు బయటపడుతుందో. ఎక్కడైనా ఒక్క బాణమే ఉంటే అక్కడ కట్టడం ఇంకా పూర్తికాలేదని లెక్క. బొమ్మ అందగానే డబ్బు సంగతి నేను మీ అమ్మతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ మావయ్య