పాత మోటారు బండి – కుటుంబ ప్రయాణం : ఒక పరిశీలన

ఇల్లంతా కదలి వెళ్ళే ప్రయాణం మన పూర్వులకు కొత్త కాదు. గూడుబండిలో వరిగడ్డి పరచి, దానిపై జంపఖానా వేసి, బియ్యపు మూట, వంటపాత్రలు, పసిపిల్లలు, ముసలివారు ఒకే గూటి క్రింద సర్దుకొని రోజుల తరబడి సాగిపోవడం ఖమ్మం ప్రాంతంలో పెద్దల జ్ఞాపకాలలో ఇంకా నిలిచియున్న సంగతి. పరదా కట్టిన సవారి కచ్చడాలలో మన ఇండ్ల ఆడవారు పుట్టింటికి వెళ్ళివచ్చేవారు. రెండేండ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు నేటికీ కుటుంబాలు ఈ రీతిగానే తరలివెళ్తాయి. బండి ఆగిన చోటే ఇల్లు, అక్కడే పొయ్యి, అక్కడే పడక. ఎడ్లబండ్ల స్థానాన్ని చాలవరకు ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, వ్యానులు ఆక్రమించాయి, అంతే తేడా. 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామిగారు తమ ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకి బస ఎట్లున్నది, సామగ్రి ఏమి దొరుకుతున్నది అని వ్రాసి ఉంచారు. పరివారంతో ప్రయాణించే గృహస్థునికి దృశ్యాలకంటె ముందు పట్టేవి ఇవే గదా!

పాశ్చాత్య దేశాలలో పడక, వంటగది, స్నానపు గది అన్నీ అమర్చిన మోటారు గృహాలు ఉన్నాయి. మన దేశంలో అవి స్వల్పం, వాటి వెల మధ్యతరగతివారి చూపుకు కూడ అందదు. కనుక మనకు సంబంధించిన ప్రశ్న వేరు: కొద్దిపాటి పొదుపుతో ఒక కుటుంబం పాత వ్యానునో జీపునో కొనదలచినప్పుడు దేనిని, ఎట్లు పరీక్షించి కొనవలెను? మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో మోటారు వాహనమే జీవనాధారం కాబట్టి ఈ విషయం పాఠ్యగ్రంథానికి వెలుపలిదైనా జీవితానికి వెలుపలిది కాదు.

ముందుగా లెక్క వేయవలసింది ధర కాదు, బరువు. ఆరుగురు పెద్దలంటే దాదాపు 360 కిలోలు. నలభై లీటర్ల నీరంటే నలభై కిలోలు. ఇంటి గ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసుకు తోడు ఇనుప తొడుగు బరువు ఇంచుమించు అంతే ఉంటుంది. పడకలు, పాత్రలు కలిపితే అయిదువందల కిలోలు దాటుతుంది. ఇంత బరువును 796 సి.సి. ఇంజనుగల మారుతి ఓమ్ని ఖమ్మం నుండి భద్రాచలం వరకు గల దాదాపు 120 కిలోమీటర్ల చదునుబాటలో ఎట్లాగో లాగవచ్చును గాని, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కవలసి వచ్చినప్పుడు దాని శక్తి చాలదు. 1984లో వచ్చిన ఆ బండి తయారీ 2019లో నిలిచిపోయింది. నలుగురు గల చిన్న కుటుంబానికి, దగ్గరి ప్రయాణాలకు అది ఇప్పటికీ చౌక. 1994 నుండి 2019 వరకు తయారైన టాటా సుమో ఏజెన్సీ గ్రామాలలో సుపరిచితం; దానిని విప్పి బిగించగల మేస్త్రీ మన ప్రాంతంలో సులభంగా దొరుకుతాడు. లోపలనే పడుకొనవలెనంటే మాత్రం టెంపో ట్రావెలర్ వంటి ఎత్తైన బండి తప్పదు. అయితే దాని టైర్లు, భీమా, డీజిలు అన్నీ ఎక్కువే. సంవత్సరానికి రెండు మూడు ప్రయాణాలు చేసే కుటుంబానికి అది కొనడంకంటె కిరాయికి తెచ్చుకొనడమే మేలని నా అభిప్రాయం. అయిదారుగురు గల ఇంటికి సుమో వంటి బండియు, దానిపై కట్టుకొనే ఒక టార్పాలినుయు చాలును. రాత్రి బస సత్రంలోనో బంధువుల ఇంటనో చేసుకొనవచ్చును.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటున్నది. దానిని గురించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అదే వరద. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారన్నది గుర్తుంచుకొంటే ఆ నీటి తీవ్రత తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ఒడ్డునగల కాలనీలను ముంచెత్తినప్పుడు ఇండ్లతోపాటు వాకిట నిలిపిన వాహనాలు కూడ మునిగాయి. అట్టి బండ్లలో కొన్ని కడిగి, రంగువేసి, సీట్లకు కొత్త గుడ్డ తొడిగి అమ్మకానికి రావచ్చును. పైకి అవి కొత్త పెండ్లికొడుకులవలె ఉంటాయి. కాని నీరు తీగలలోనికి, కనెక్షన్లలోనికి దూరితే ఆరు నెలల తరువాత, ఏడాది తరువాత చిలుము పట్టి, నడిరాత్రి అడవిలో దీపాలు ఆరిపోతాయి.

దీనిని కనిపెట్టడానికి గొప్ప సాధనాలు అక్కరలేదు. సీటు బెల్టును చివరికంటా లాగి చూడవలెను; కడిగినవాని చేయి అంతదూరం పోదు, అక్కడ బురద చార నిలిచియుంటుంది. నేలపై పరచిన కార్పెట్టు ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడవలెను. సీట్లను బిగించిన బోల్టులు తుప్పుపట్టియున్నవా? హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీత ఉన్నదా? ఫ్యూజుల పెట్టెలో మన్ను ఉన్నదా? ఇంజను ఆయిలు పాలు కలిపిన తేనీరు రంగులో ఉంటే అందులో నీరు కలిసినట్లే. నీటిలో నిలిచిన బండిని తొందరపడి స్టార్టు చేసియుంటే మరింత కీడు. గాలివలె నీరు అణగదు గనుక సిలిండరులో చేరిన నీరు కనెక్టింగు రాడ్డును వంచివేస్తుంది. లోగడ భీమా క్లెయిము ఏమైనా చేశారా అని పాత పాలసీ చూపించమని అడగడంలో మొగమాటం పనికిరాదు.

మిగిలిన పరీక్షలు క్లుప్తంగా చెప్తాను. బండిని ఉదయమే, ఇంజను చల్లగా ఉండగా చూడవలెను; మనం పోయేసరికే వేడెక్కించి ఉంచితే మరునాడు మరల పోవలెను. నీలిపొగ ఆయిలు కాలుతున్నదనడానికి గుర్తు, వేడెక్కిన తరువాత కూడ ఆగని తెల్లపొగ రేడియేటరు నీరు లోనికి పోతున్నదనడానికి గుర్తు. టైరుపై చివరి నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాట్లు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టరీత్యా కూడ పనికిరాదు. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు గనుల వైపు కిరాయికి తిరిగిన జీపుల విషయంలో మీటరు చూపే అంకెకంటె పెడళ్ళ అరుగుదల నమ్మదగిన సాక్ష్యం.

కాగితాల విషయానికి వస్తే, మన జిల్లాలో ‘ఏపీ 20’ నంబరు బండ్లు ఇంకా కనిపిస్తాయి. ఆ నంబరే ఒక జాతకచక్రం. అది 2014 జూన్‌కు పూర్వపు నమోదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత బండి తొలి నమోదు 15 ఏండ్లకు చెల్లుతుంది, ఆపైన అయిదేసి ఏండ్లకు పునరుద్ధరించుకొనవలెను. అనగా ఏపీ 20 బండ్లన్నిటికి ఆ గడువు 2029 మధ్యనాటికి తీరిపోతుంది. పలు బండ్లకు ఇప్పటికే తీరిపోయింది. కేంద్ర నియమాల ప్రకారం కారు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయలకు బదులు 5000 అయింది. బేరం ఆడేటప్పుడు ఈ సొమ్మును వెలలో తగ్గించి అడగడం న్యాయమే.

2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచి, దానిని ఆనుకొన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు చేరింది. కూనవరం, చింతూరు కూడ అటే పోయాయి. అందుచేత నడిచిపోదగిన దూరంలో కొన్న బండి సైతం పరరాష్ట్రపు బండి కావచ్చును. అప్పుడు అక్కడి కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తేవలెను, ఇక్కడ జీవితపన్ను కట్టవలెను. పసుపు నంబరు బండి అయితే పన్ను బకాయి, పర్మిట్టు, ఫిట్‌నెసు మూడింటినీ విచారించవలెను.

మన వాడుకలోని బయానా, కిరాయి, మరమ్మతు, సవారి అనే మాటలన్నీ అరబ్బీ, పారసీల నుండి ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడినవే. ‘బై’ అంటే అరబ్బీలో అమ్మకం. దానినుండి వచ్చినదే బయానా. మాట ఎంత పాతదో ఆచారమూ అంత పాతది. బయానా చేతిలో పెట్టి, తాళం చెవి తీసుకొని, పేరు మార్పు తరువాత చూసుకొందామనే అలవాటు మనలో బలంగా ఉన్నది. దీని ఫలితం దారుణం. పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదానికి గురైన కేసులో, పుస్తకంలో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని గనుక నష్టపరిహార భారం అతనిదేనని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మినవాడు ఏనాడో అమ్మి ఊరుకొన్నాడు, అయినా బాధ్యత తప్పలేదు. కొన్నవానికీ సుఖం లేదు: భీమా తన పేర లేనప్పుడు తన బండికి కలిగిన నష్టాన్ని రాబట్టుకొనడం దుర్లభం.

బండి లోపలి మార్పుల గురించి ఒక మాట. సీట్లు పీకి మంచం బిగించడం, పైకప్పు కోసి ఎత్తు చేయడం వంటివి చట్టంలోని 52వ సెక్షను అనుమతి లేనిదే చేయరాదు. విప్పి తీయదగిన పలక, పరుపు చాలును. గ్యాసు పొయ్యి ఎప్పుడూ బండి వెలుపలనే వెలిగించవలెను. ఏ.సి. కోసం ఇంజను నడుస్తుండగా తలుపులు మూసుకొని నిద్రపోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. కిన్నెరసాని అభయారణ్యం వంటి చోట్ల అనుమతి లేకుండ దిగి బస చేయడం, నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరాలు. మేడారం వాగు ఒడ్డున చెల్లిన అలవాటు ఇక్కడ చెల్లదు.

చేతిలో రెండు లక్షలుంటే రెండు లక్షల బండి కొనరాదు. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, భీమా, పేరు మార్పు నిమిత్తం అందులో నాలుగవ వంతు ప్రక్కన పెట్టి, మిగిలిన లక్షా యాభైవేలకు వచ్చే బండినే చూడవలెను. అమ్మినవారు 29వ నంబరు ఫారాన్ని 14 రోజులలో, కొన్నవారు 30వ నంబరు ఫారాన్ని 30 రోజులలో రవాణా కార్యాలయానికి అందజేయవలెను. బండి మీద అప్పు ఉండియుంటే తీరినట్లు 35వ నంబరు ఫారంపై బ్యాంకువారి సంతకం తీసుకొనవలెను. భీమా మార్పునకు గడువు 14 రోజులు.