జేక్వెరీ ముందా, జావాస్క్రిప్ట్ ముందా?

ప్రశ్న: వెబ్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టాను. ముందు జేక్వెరీ నేర్చుకుంటే జావాస్క్రిప్ట్ తేలికవుతుందని కొందరంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు, ముందు జావాస్క్రిప్టే నేర్చుకోండి. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ లైబ్రరీని విడుదల చేసేనాటికి ఒకే పనికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకంగా, ఫైర్‌ఫాక్స్‌కు మరో రకంగా కోడ్ రాయాల్సి వచ్చేది. ఆ తేడాలను తన లోపల దాచుకుని, అన్నిటికీ పనికొచ్చే ఒకే పద్ధతిని అది అందించింది. అది చిన్న ఉపకారం కాదు. కానీ ఇప్పుడు క్వెరీసెలెక్టర్, క్లాస్‌లిస్ట్, ఫెచ్ వంటి సదుపాయాలన్నీ బ్రౌజర్లలోనే ఉన్నాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను కూడా మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో పక్కన పెట్టేసింది. జేక్వెరీ తీర్చిన కష్టం చాలామటుకు ఈనాటి విద్యార్థికి ఎదురే కాదు.

తక్కువ లైన్లలో పని అవుతుంది కదా, ఉత్సాహం నిలుస్తుంది కదా అనే వాదనలో కొంత నిజముంది. అయితే తప్పు జరిగినప్పుడు చూడండి. మీరు వెతికిన బటన్ పేజీలో లేకపోతే జేక్వెరీ ఏ ఎర్రరూ చూపకుండా ఊరుకుంటుంది. అదే క్వెరీసెలెక్టర్ అయితే నల్ (ఏమీ దొరకలేదనే విలువ) ఇస్తుంది, దాని మీద ఏదైనా చేయబోతే కన్సోల్‌లో ఎర్రర్ లైను నంబరుతో సహా కనిపిస్తుంది. కొత్తవారికి ఆ ఎర్రరే గురువు. పైగా జేక్వెరీ కూడా జావాస్క్రిప్ట్‌లో రాసిందే. ఫంక్షన్లు, ఆబ్జెక్టులు అర్థం కాకుండా దాన్ని వాడితే మిగిలేది బట్టీ పట్టడమే.

పాత సైట్లలో, వర్డ్‌ప్రెస్ థీముల్లో జేక్వెరీ ఇంకా విస్తారంగా ఉందన్నదే బలమైన అభ్యంతరం. అలాంటి ఉద్యోగం చేతిలో ఉంటే తప్పక నేర్చుకోండి. జావాస్క్రిప్ట్ వచ్చినవారికి అందుకు కొద్ది రోజులు చాలు.