ఆదరణ కూడిక అయిపోయిన తరువాత



మన సంఘములో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే భూస్థాపనకు అందరమూ వెళ్తాము. ఆదరణ కూడికలో పాటలు పాడి, వాక్యము విని, భోజనము చేసి ఇళ్లకు తిరిగి వస్తాము. ఆ తరువాత ఆ ఇంటి గడప ఎవరు తొక్కుతున్నారు? భర్త పోయిన రెండు మూడు నెలలకు బి.పి. బాగా పెరిగి మా ఓ.పి.కి వచ్చే తల్లులను చూసినప్పుడల్లా మాకు ఈ ప్రశ్నే వస్తుంది. మాత్రలు ఎందుకు మానేశారమ్మా అంటే, "ఆయనే తెచ్చిపెట్టేవారండీ" అంటారు. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం ఎందుకులే అని పొద్దుటి అన్నములో ఇంత మజ్జిగ పోసుకుని రాత్రి గడిపేస్తారు.

రూతు గ్రంథమును ఈ సంగతి మనసులో ఉంచుకొని మరొకసారి చదవండి. నయోమి మోయాబు దేశములో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని బేత్లెహేముకు తిరిగి వచ్చింది. ఊరంతా కదిలింది. ఈమె నయోమియేనా అని స్త్రీలు చెప్పుకున్నారు. ఆమె తనను మారా, అంటే చేదు, అని పిలవమన్నది. దేవుడే తనను బాధపెట్టాడన్నది. ఆ మాటకు ఎవరూ ఆమెను గద్దించినట్లు వ్రాయబడలేదు. మనమైతే వెంటనే "విశ్వాసివి, ఏడవకూడదు" అంటాము. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువే కన్నీరు విడిచాడు కదా!

అయితే 2వ అధ్యాయములో ఆ ఊరి స్త్రీల మాటే లేదు. బోయజు పొలములో పరిగె ఏరినది పరదేశి అయిన కోడలు. మధ్యాహ్నము తాను తినగా మిగిలిన పేలాలను దాచి తెచ్చి అత్తకు పెట్టింది. యవల కోత, ఆపైన గోధుమల కోత ముగిసేవరకు అలాగే ఏరుతూ అత్త దగ్గరే ఉన్నది. ఆ స్త్రీలు మళ్లీ కనబడేది 4వ అధ్యాయములో, ఓబేదు పుట్టినప్పుడు. మన సంఘములు కూడా మొదటి అధ్యాయములో, చివరి అధ్యాయములో బాగానే ఉంటాయి. లోటంతా మధ్యలోనే.

యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన ఆహారము సరిగా అందడం లేదని సణుగు పుట్టినప్పుడు, ఆ పని కోసమే ఏడుగురిని ఏర్పరచారు (అపొ. కార్య. 6). మన స్త్రీల సమాజము కూడా అటువంటి ఇంటికి ఇద్దరిని నియమించవచ్చు. వెళ్లినవారు ప్రార్థన చేసి వెంటనే లేవకండి. కలిసి భోజనము చేయండి. మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయో చూడండి. పెళ్లి కూడికలకు ఆమెను పిలిచి ముందు వరుసలోనే కూర్చోబెట్టండి. వెనుకకు పంపే ఆచారము వాక్యములో ఎక్కడా లేదు.

దుఃఖము జబ్బు కాదు. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం మొదట్లో సహజమే. కాని ఆరు నెలలు దాటినా అదే తీవ్రతతో ఉండి, రోజువారీ పనులు కూడా సాగకపోతే డాక్టరుకు చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో దీనిని చికిత్స అవసరమైన స్థితిగా చేర్చారు. "నేనూ ఆయన దగ్గరకే పోతాను" అన్న మాట వినబడితే మాత్రము ఆరు నెలలు చూడవద్దు. ఆమెను ఒంటరిగా వదలక ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల ఖాళీ షీట్లు కూడా తీసుకురండి. పేర్లు గుర్తు లేకపోయినా వాటిని చూసి మేము పోల్చుకోగలము.