మబ్బులోకి వెళ్లే ముందు

కొల్లిపర

మేనల్లుడా,

ప్రైవేటు పైలట్ లైసెన్సు చేతికొచ్చిందనీ, ఇక బయట కనపడనప్పుడు పరికరాల గడియారాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మొదలుపెడుతున్నాననీ నువ్వు డాలస్ నుంచి ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీ అమ్మకు కంటిమీద కునుకు లేదు. నాకు మాత్రం ఆ కబురు ఊరటే. లైసెన్సు ఉండి ఈ రేటింగ్ లేని కాలమే ప్రమాదం. ఆ సంగతి అమ్మకు నేను నచ్చజెబుతాను. ఎయిర్ ఫోర్సులో రవాణా విమానాలు నడిపినవాడిగా నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

సంక్రాంతి ముందు మన కృష్ణ కరకట్ట మీద పొగమంచు కమ్మితే అరటి గెలల లారీవాడు బండి పక్కకు తీసి ఆపుకుంటాడు. గాల్లో నీకు ఆ వీలు లేదు. పైగా మబ్బులో కళ్లకు ఏమీ కనపడకపోవడం ఒక్కటే కాదు కష్టం, ఒళ్లు అబద్ధం చెబుతుంది. చెవి లోపల మూడు నాళాల్లో ద్రవం ఉంటుంది, తల తిరిగే తీరును మెదడుకు చేరవేసేది అదే. సెకనుకు రెండు డిగ్రీల కన్నా నెమ్మదిగా విమానం ఒరిగితే చెవి కనిపెట్టలేదు. నువ్వు ఒరిగి ఉన్నావు, తిన్నగా పోతున్నానని నమ్ముతున్నావు. గడియారాలు చూసి సరిచేశావంటే అప్పుడు చెవి గోల పెడుతుంది, రెండో వైపు పడిపోతున్నావని. దాని మాట విన్నవాడు మళ్లీ మొదటి వైపే ఒరుగుతాడు. ముక్కు కిందికి దిగుతుంది, వేగం పెరుగుతుంది, భయంతో విమానాన్ని నడిపే యోక్ వెనక్కి లాగుతాడు, విమానం తిరిగే సుడి ఇంకా బిగుసుకుంటుంది. ముందు రెక్కలు సమం చేసి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలి. ఈ వరస నిద్రలో లేపి అడిగినా నీ చేతులకు తెలియాలి.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ శిక్షణ లేని 20 మందిని విమానమెక్కించి, బయటిది కనపడకుండా చేసి చూశారు. అదుపు తప్పనివాడు ఒక్కడూ లేడు. సగటున 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా నిలవలేదు. అదే మనుషులకు కొద్ది గంటలు నేర్పితే దాదాపు ప్రతిసారీ వెనక్కి తిరిగి బయటపడ్డారు. నేర్చుకుంటే వచ్చే విద్యే ఇది, పుట్టుకతో ఎవరికీ రాదు.

సగం నేర్చిన రోజుల్లో మరీ జాగ్రత్త. 1999 జూలై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ కెనెడీ జూనియర్ మసకగా ఉన్న సముద్రం మీద తన పైపర్ సరటోగా విమానం మీద అదుపు కోల్పోయి కూలి చనిపోయాడు. భార్య, ఆమె అక్క కూడా పోయారు. అప్పటికి అతను నీలాగే ఈ రేటింగ్ కోసం శిక్షణలో ఉన్నాడు, ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటిదే మన పక్క జరిగిన సంగతి నీకు గుర్తుండకపోవచ్చు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు హెలికాప్టర్‌లో భీమవరం నుంచి బయల్దేరి కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలి చనిపోయారు. అప్పుడు కిందికి చూపు సరిగా ఆనలేదు. మన జిల్లాలవాళ్లం ఆ వార్త విని కుంగిపోయాం.

ఇక అసలు విషయం. మీ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కలో 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి, అందులో 15 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షకుడితో. నియమం నిజమైన మబ్బును అడగదు. తలకు బయటిది కనపడనివ్వని హుడ్ తగిలించుకుని, ఒక్క మబ్బులోకీ దూరకుండా రేటింగ్ తెచ్చుకోవచ్చు. నువ్వు అలా తెచ్చుకోకు. హుడ్ కింద అంచుల్లోంచి వెలుతురు తగులుతుంది, మలుపు తిరిగితే ఎండ ఒళ్లో జరుగుతుంది. నీకు తెలియకుండానే మనసు ఆ ఆధారం పట్టుకుంటుంది. మబ్బులో అన్ని వైపులా ఒకటే తెలుపు. చలికాలంలో గల్ఫ్ తేమగాలికి మీ డాలస్ మీద తక్కువ ఎత్తులో మబ్బు పరుచుకుంటుంది కదా, ఆ పొద్దుల్లోనే శిక్షకుణ్ణి పట్టుకుని పైకి వెళ్లు. డబ్బు ఎక్కువైనా ఫరవాలేదు, అవసరమైతే నేను సర్దుతాను.

మబ్బులోకి వెళ్లాక కళ్లు, విమానం ఎంత ఒరిగిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ నుంచి ఒక్కొక్క గడియారానికి వెళ్లి మళ్లీ దాని దగ్గరికే రావాలి. ఒక్క సూదికి అతుక్కుపోకూడదు. పెన్సిల్ కింద పడిందా, వదిలెయ్, మలుపులో ఉండగా వంగి తియ్యకు. తల వంచి ఎత్తేసరికి లోకం గిర్రున తిరిగినట్టుంటుంది. శిక్షకుడు హొరైజన్ మీద కాగితం అంటించి మిగతావాటితో నడపమంటే విసుక్కోకు. ఆ పరికరం నిజంగా చచ్చిపోయిన రోజు నీకు మిగిలేది ఆ సాధనే.

రేటింగ్ వచ్చాక మబ్బులన్నీ నావే అనుకోకు. ఉరుములున్న మబ్బు ఏ రేటింగ్ ఉన్నవాడికీ పనికిరాదు. నువ్వు అద్దెకు తీసుకునే చిన్న విమానానికి మంచు కరిగించే ఏర్పాటు ఉండదు కనుక గడ్డకట్టే చలిలో తడి మబ్బు కూడా అంతే. ఆరు నెలల్లో పరికరాలతో దిగే అప్రోచ్‌లు ఆరు, గాల్లో చక్కర్లు కొడుతూ ఆగే హోల్డింగ్ చెయ్యాలన్న నియమం ఉంది. నా దృష్టిలో అది మరీ తక్కువ, నెలకోసారైనా మబ్బులోకి వెళ్లు.

చివరి అప్రోచ్‌లో రన్‌వేకు దారి చూపే మామూలు ఐఎల్‌ఎస్ నేలకు 200 అడుగుల దాకా దింపుతుంది. అక్కడికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనపడకపోతే థ్రాటిల్ నెట్టి పైకి లేవడమే. ‘ఇంకో యాభై అడుగులు చూద్దాం’ అనే ఆలోచన ఎంతమందినో చంపింది. జనవరి పొగమంచుకు గన్నవరంలో దిగలేక పెద్ద పెద్ద విమానాలే హైదరాబాదుకు వెనక్కి పోతుంటాయి. ఇద్దరేసి పైలట్లున్నవాళ్లు నామోషీ పడని చోట ఒంటరిగా నడిపే నీకెందుకు? మొదటి ఏడాది 200 కాదు, వెయ్యి అడుగుల కింద మబ్బుంటే బయల్దేరకు. ఆ హద్దు కాగితం మీద రాసుకుని ఒక కాపీ నాకు వాట్సాప్‌లో పెట్టు. మార్చుకోవాలనిపిస్తే నాకు ఫోన్ చేశాకే మార్చు. ఇక్కడ అర్ధరాత్రయినా సరే, ఎత్తుతాను.

ఉంటాను.
మామయ్య